మలావీలో విన్న మా ఇంటి మాట

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదర్రా. ఉద్యోగమంతా ఆస్పత్రుల్లో నర్సుగా గడిపినదాన్ని. మార్చురీ పక్క గదిలో కూర్చుని పెరుగన్నం తిన్నదాన్ని. ఎవరైనా ఏదో కనబడిందని వణికిపోతుంటే ముందు బీపీ చూసేదాన్ని. అంచేత అమ్మమ్మ ఏదో భయపడి చెబుతోందని అనుకోకండి.

హారికా, మొన్న ఫోన్లో అడిగావు కదా, "విదేశాల్లో సేవకి ఇప్పుడే వెళ్ళనా, ఉద్యోగంలో కుదురుకున్నాక వెళ్ళనా అమ్మమ్మా" అని. మీ అమ్మేమో పెళ్ళయ్యాక చూద్దాంలే అంటోంది. నేను జవాబు చెప్పకుండా ఫోను మీ తాతయ్య చేతిలో పెట్టేశాను. ఎందుకో ఇవాళ చెబుతాను. చిన్నోడా, మీ అక్కతో పాటు నువ్వూ విను.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. మిరప కల్లంలో పెరిగాం. ఎండుమిరపకాయల ఘాటుకి పొద్దస్తమానం తుమ్ములే. పిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు "చిరంజీవ" అంటారు కదా. మా చెల్లెలికి, అదే మీ అద్దంకి చిన్నమ్మమ్మకి, చిన్నప్పుడు నోరు తిరగక "చింజిబ్బ" అనేది. నవ్వుకుని నవ్వుకుని చివరికి ఇంట్లో అందరం అదే అనడం మొదలుపెట్టాం, మా నాన్నతో సహా. పక్కింటివాళ్ళకి కూడా తెలియదు. అది మా నలుగురి మాట.

నర్సింగ్ అయిపోగానే, ఇరవై రెండేళ్ళప్పుడు, ఆఫ్రికాలోని మలావీలో ఒక పల్లెటూరి ఆస్పత్రికి రెండేళ్ళ సేవకి నన్ను ఎంపిక చేశారు. పెట్టె సర్దుకున్నాక మా నాన్న అడ్డం తిరిగాడు. "అంత దూరం ఏంటే? గుంటూర్లో రోగులు లేరా?" అన్నాడు. ఆగిపోయాను.

ఆ తర్వాత ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. కల్లంలో ఆరబోసిన కాయలు తిరగేసే పని నాదే. కాళ్ళు ఈడుస్తూ నడిస్తే కాయలు చాళ్ళు చాళ్ళుగా తిరగబడతాయి. తిరగేసినవే మళ్ళీ తిరగేసేదాన్ని. "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కాసేపు కూర్చోవే!" అని మా అమ్మ కేకలేసేది. ఒళ్ళు మాత్రం కల్లంలో ఉన్నట్టూ, నేను ఇంకెక్కడో ఉన్నట్టూ అనిపించేది.

పెళ్ళయింది, మీ అమ్మ పుట్టింది. నలభై దాటాక మళ్ళీ ప్రయత్నించాను. అప్పుడు మీ తాతయ్యకి గుండె ఆపరేషన్. మళ్ళీ ఆగాను. రిటైరయ్యాక మీ తాతయ్యే అన్నారు, "వెళ్ళిరావే బాబూ, నీ తిరుగుడికి ఇంట్లో గచ్చు అరిగిపోతోంది" అని. ఆ ఆస్పత్రి ఇంకా ఉందని తెలిసి అక్కడికే కావాలని అడిగి మరీ వెళ్ళాను.

అక్కడ రోగులకి వండిపెట్టే ఆవిడ పేరు ఆగ్నెస్. నా ఈడుదే. నేను దిగిన రోజు నన్ను ఎగాదిగా చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. నాకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పే చిన్న నర్సు గ్రేస్ నవ్వేసి ఊరుకుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆ వంటింట్లోనే పప్పు చేశాను. మన ఎండుమిరపకాయలు పోపులో పడగానే పొగ కమ్మేసింది. గ్రేస్ గట్టిగా తుమ్మింది. గంజి కలుపుతున్న ఆగ్నెస్ తలెత్తకుండానే "చింజిబ్బ" అంది.

"ఏమన్నావ్?" అని తెలుగులోనే అరిచాను.

ఆగ్నెస్ నవ్వుతూ ఏదో చెప్పింది. గ్రేస్ మొహం మారిపోయింది. "మీరు నేర్పిందే కదా అంటోంది సిస్టర్. వయసులో ఉన్నప్పుడు వచ్చారట కదా? మీరు దిగిన రోజు నుంచీ ఇదే మాట. ముసలిదై మతి తప్పిందనుకుని నేనే మీకు చెప్పలేదు."

ఆ సాయంత్రం ఆగ్నెస్ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాకిట్లో మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. ఆవిడ కూతురు, నలభైకి దగ్గరపడిన మనిషి, కాళ్ళు ఈడుస్తూ వాటి మీద నడుస్తోంది. గింజలు చాళ్ళు చాళ్ళుగా తిరగబడుతున్నాయి. మిగతా ఇళ్ళలో చేత్తో తిరగేస్తారని గ్రేస్ చెప్పింది. ఆ కూతుర్ని అడిగాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరు తుమ్మినా అదే మాటట.

ఊరికే వదల్లేదు నేను. ఆస్పత్రిలో పాతకాలం నుంచీ ఉన్న పెద్దాయన్ని అడిగాను. నన్ను ఎంపిక చేసిన ఏడు ఇండియా నుంచి ఒక నర్సు రావాల్సి ఉండిందనీ, రాలేదనీ, ఆ చోటు ఖాళీగానే ఉండిపోయిందనీ ఆయన అన్నాడు. ఆగ్నెస్ మాత్రం ఒప్పుకోలేదు. "రాకపోతే నా కూతురు పుట్టినప్పుడు నాకు కాన్పు చేసింది ఎవరు?" అని ఆయన మీదికి వెళ్ళింది.

ఆ మాట తెలిసినవాళ్ళలో తనొకతి కదా, ఒకవేళ తనే వెళ్ళిందేమోనని చెల్లెలికి ఫోన్ చేశాను. "ఏంటే అక్కా, మలావీ నేనెప్పుడెళ్ళానే? మా ఆయన నన్ను చిలకలూరిపేట తీసుకెళ్ళడమే గొప్ప!" అని నవ్వింది.

ఆగ్నెస్ చెప్పిన ప్రకారం, అప్పుడు వచ్చినమ్మాయి దాదాపు రెండేళ్ళుందట. ఒకరోజు పొద్దున్నే చూస్తే లేదట. రెండేళ్ళంటే మీ అమ్మ నా కడుపున పడేదాకా. లెక్క వేయకూడదనుకుంటూనే వేశాను.

నేను తిరిగొచ్చే రోజు ఆగ్నెస్ నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది, "అప్పుడు చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయావు?" అని. పొరపాటైంది, ఈసారి చెప్పే వెళుతున్నానన్నాను. ఎన్నడూ వెళ్ళనిదాన్ని, ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

ఇదంతా ఏమిటో ఇప్పటికీ అంతుపట్టదు. ఇంటికొచ్చినా కాలు నిలవదు. మీ తాతయ్య గచ్చు గురించి మళ్ళీ మొదలుపెట్టారు.

హారికా, మీ అమ్మతో నేను మాట్లాడతాను. మనసులో వెళ్ళాలని ఉంటే ఇప్పుడే వెళ్ళు తల్లీ. వెళ్ళేది నువ్వే అయితే మంచిది. నువ్వు ఆగిపోతే, నీ బదులు వెళ్ళేది ఎవరో నాకు తెలియదు.