అద్దం చప్పుడు

భాల్కి నుంచి బీదర్ పోయే బస్సుల మా సీటు కాడ కిటికీ అద్దం ఒకటే కొట్టుకుంటాంది. పక్కన కూసున్న పిల్లకు ఇబ్బందైతదని అరచెయ్యి అడ్డం పెట్టిన.

"చెయ్యి తియ్యక్కా, కొట్టనీ. రికార్డు చేస్తున్న," అన్నది, ఫోను అద్దం దగ్గర పట్టుకొని.

పాటలు తనే కట్టి, తనే పాడి ఆన్‌లైన్ల పెడ్తదంట. బీదర్ కాడి చిద్రిల చర్చి కీర్తనలు పాడుకుంట పెరిగింది. దర్గా ఉర్సుల ఖవాలీ విన్నది, భాల్కిల అమ్మమ్మ కాడ విఠలుని మీది మరాఠీ అభంగాలు నేర్సింది. ఒకనాడు కీర్తనకు ఖవాలీ చప్పట్లు కలిపితే, చర్చి పెద్దలు పాడేటోళ్లలకెల్లి తీసేసిండ్రు.

"మాఫీ అడుగుమన్నరక్కా. అడగలె. అట్లనే ఇంకో రెండు కట్టిన."

అద్దం కొట్టుకునే తాళం మీదనే సన్నగ ఒక పాట ఎత్తుకున్నది. ముందు సీటుల పెద్దాయన ఎనక్కి తిరిగిండు.

"ఇది చర్చి పాటనా, దర్గాదా, గుడిదా బిడ్డా?"

"బస్సుది తాతా," అని మళ్ల అందుకున్నది.

ఆమె పేరు కూడ అడగలె నేను. ఇప్పుడు బస్సుల ఎవరన్న మోగే అద్దానికి చెయ్యి అడ్డం పెడితే మాత్రం ఊకోను. తియ్యి, కొట్టనీ అంట.