రెండు గట్ల నుంచి బైబిలు

మా అక్క పెళ్లైన నాటి నుంచీ బైబిలు మోసింది. చదవడం రాదు కాబట్టి మోసింది. ప్రతి ఆదివారం తెల్ల చీర కట్టుకుని, ఆ గ్రంథాన్ని గుండెలకు అదుముకుని, అద్దంకి దగ్గర మా పల్లెలో చర్చికి నడిచేది. అది మామూలు పుస్తకం కాదు. పిడుగురాళ్ల క్వారీలో ఓ రాయిని కోసి నల్ల అట్ట వేశారేమోనని నా అనుమానం. ఒకసారి ఒంటిచేత్తో ఎత్తబోయాను. ఆ చెయ్యి ఇప్పటికీ రెండో చేతికంటే బెత్తెడు పొడవు.

ఈ ఏడాది మిరపకాయలు కోతకొచ్చిన రోజుల్లో గుంటూరు డాక్టర్లు అక్క కడుపు తెరిచి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. గోతం మిరపకాయలు నెత్తిన పెట్టుకుని కాలువ దాటిన మనిషి, నవారు మంచం మీద దుప్పటి కింద ఉందో లేదో తడిమి చూసుకోవాల్సినంత చిక్కిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఆమె మేస్త్రిగా ఉన్న కూలి ముఠాలోని ఆడవాళ్లే వంతులవారీగా ఒళ్లు తుడిచేవారు, జావ పట్టేవారు.

నేను గుంటూరులో ఉంటూ పత్రికలకు నవ్వించే రాతలు రాస్తుంటాను. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కణ్ణే. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నానో లేదో, అక్క తలగడ కిందున్న బైబిలు మీద చెయ్యి వేసింది.

"ఒరేయ్, ఇన్నాళ్లూ మోశా. లోపల ఏముందో పోయేలోపు మొత్తం వినాల."

"మొత్తమా?"

"కాక?"

"ఫోన్లో ఉందక్కా. నొక్కితే చాలు, అదే చదివిపెడుతుంది. నాకంటే మంచి గొంతు."

"ఆ ఫోన్లో వాడు నేను దగ్గితే ఆగుతాడా? మళ్లీ చెప్పరా అంటే చెప్తాడా? నువ్వే చదువు."

చదివాను. పొద్దున వెలుతురు రాగానే మొదలుపెట్టి, అక్షరాలు అలుక్కుపోయేదాకా చదివాను. అక్క కళ్లు మూసుకుని వినేది, మధ్యలో తీర్పులిచ్చేది. జలప్రళయం వచ్చినప్పుడు, "వానొస్తదని ముందే చెప్పేవాడుంటే మనూళ్లో కల్లాల్లో కాయలెందుకు తడుస్తయ్?" అంది. ఎడారిలో గుడారం కొలతలు వచ్చినప్పుడు నేను నిద్రలోకి జారుకోబోతే, ఆమె మాత్రం శ్రద్ధగా విని, "తాపీ మేస్త్రికి చెప్పినట్టు చెప్పాడు" అని మెచ్చుకుంది. వంశావళులు వచ్చినప్పుడు నా నాలుక ముడిపడిపోయి, విప్పుకోవడానికి చెంబెడు మజ్జిగ తాగాల్సి వచ్చేది. దాటేద్దామా అని అడిగితే ఒప్పుకోలేదు.

సాయంత్రం ముఠా ఆడవాళ్లు చేలోంచి నేరుగా వచ్చేవారు. వాళ్ల చీరల్లోని మిరప ఘాటుకు మంచం కోళ్లు కూడా తుమ్మేవి. పాపం, నేను అలిసిపోయానని అవే మిరప చేతులతో కొన్ని పేజీలు వాళ్లే తిప్పి పెట్టేవారు. నేనేమో అలవాటు కొద్దీ వేలు నాలుకకు అద్దుకుని తరవాతి పేజీ తిప్పేవాణ్ణి. రెండో రోజుకల్లా నా పెదవులు వంకాయలయ్యాయి. అయినా ఆ ఇంట్లో నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. మందు ప్రభావం తగ్గగానే అక్క నవారు పట్టీని పళ్లతో కొరికేది. నేను చదువుతూనే ఉండేవాణ్ణి. ఆగితే తిట్టేది.

పాస్టరు గారు వచ్చారు. మా వైపు చావు మంచం మీదున్న వాళ్లకు గొర్రెల కాపరి కీర్తన చదవడం ఆనవాయితీ. అది వినకుండా పోయిన క్రైస్తవులు మా పల్లెలో లేరు.

"ఆ ఒక్క కీర్తన చదివి ప్రార్థన చేస్తానమ్మా."

"అదెక్కడుందయ్యగారూ?"

"ఇంచుమించు మధ్యలో ఉందమ్మా."

"అయితే మధ్యకొచ్చినప్పుడు ఇంటా. సాలు దాటితే పని పాడవుద్ది."

పత్తి ఏరేటప్పుడైనా, మిరప కోసేటప్పుడైనా, పట్టిన సాలు కొసదాకా తెమల్చకుండా ఇంకో సాల్లో కాలు పెట్టనివ్వని మేస్త్రి ఆమె. అయ్యగారికి కూడా మినహాయింపు దొరకలేదు.

కానీ అక్క కరిగిపోతున్న వేగం ముందు నా చదువు ఎడ్లబండి. నేనింకా రాజుల యుద్ధాల్లో చిక్కుకుని ఉండగానే ఆమె జావ మింగడం మానేసింది. అప్పుడు ముఠాలో ఆమె తరవాత రెండో మనిషి, అక్కను చిన్నప్పటి నుంచీ ఎరిగినామె, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మేస్త్రీ, ఇట్టా అయితే తెమలదు. మబ్బు పట్టినప్పుడు మనమేం చేస్తాం? రెండు గట్ల నుంచీ దిగుతాం. నడి చేలో కలుస్తాం. అంతేగా?"

అక్క కళ్లు చాలా రోజుల తరవాత వెలిగాయి. "అంతే. రెండో గట్టుకి ఎవర్ని దించుదాం?"

పక్కింట్లో మిరపకాయల గోతాలు కుట్టే సాయిబును పిలిచారు. ఆయన గుసగుసలాడితే కనిగిరి కొండమీద కోటలో పావురాలు లేస్తాయి.

"నేను చదవొచ్చా అక్కా?" అన్నాడాయన టోపీ సర్దుకుంటూ.

"అచ్చరాలొచ్చుగా?"

"వచ్చు."

"మరింకేంది? కూర్చో."

ఆయన ఇంకో బైబిలు పట్టుకుని కుడి చెవి వైపు, నేను ఎడమ చెవి వైపు కూర్చున్నాం. ఆయన బైబిల్లోని పుస్తకాల్లో ఆఖరిది ముందు చదివి, తరవాత దాని ముందుది, ఆ తరవాత దాని ముందుది అందుకునేవాడు. ఇద్దరం ఒకేసారి. అక్క ఎడమ చెవిలో రాజులు కత్తులు దూస్తుంటే కుడి చెవిలో లోకం అంతమై కొత్త పట్నం దిగుతోంది. పాస్టరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మా, ఇది పత్తి చేను కాదమ్మా!"

"తెలుసయ్యగారూ. పత్తి చేనైతే ఈపాటికి అయిపోయుండేది."

ద్రాక్షతోటలో కూలీల కథ కుడి చెవిలో పడ్డ రోజు మాత్రం పని ఆగిపోయింది. పొద్దుగూకే వేళకు వచ్చినోళ్లకూ, పొద్దున్నుంచీ నడుం విరగ్గొట్టుకున్నోళ్లకూ ఒకటే కూలా అని ముఠా మొత్తం సాయిబు మీద పడింది.

"నా మీద పడతారేందమ్మా, నేను రాశానా?" అని ఆయన గోల.

"ఆ ఆసామి చేలో రెండో రోజు ఎవరైనా పెందలాడే వస్తారా? నేనైతే రాను," అంది అక్క. గట్టిగా ఆమె మాట్లాడింది అదే చివరిసారి.

తరవాత ఆమె మాటలు పెదాల దగ్గరే ఆగిపోయాయి. "ఎంతుంది?" అని వేళ్లతో అడిగేది. నేను ఆగిన చోటుకూ సాయిబు ఆగిన చోటుకూ మధ్య మిగిలిన కాగితాల్ని చూపుడువేలూ బొటనవేలూ మధ్య పట్టి చూపించేవాణ్ణి. ఆమె తన వేళ్లను అంతే ఎడంగా పెట్టుకుని వాటివైపు చూసుకునేది. కీర్తనలు ఆ ఎడంలోనే ఉన్నాయి. పాస్టరు గారు రోజూ వచ్చి, చేతులు కట్టుకుని, ఆ వేళ్లవైపే చూసి వెళ్లేవారు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "అక్కా, ఆ ఒక్కటీ ముందు చదవనా?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

మర్నాడు ఉదయం ఎడమ చెవిలో నేను, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నాయన దగ్గరికి స్నేహితులొచ్చి తప్పు నీదేనని వాదించే చోట ఉన్నాను. ముందు సాయిబు గొంతు ఆగింది. నేను ఇంకో పేజీ చదివాకగానీ ఆయన ఎందుకు ఆగాడో తలెత్తి చూడలేదు. ఆయన బైబిలు ఒళ్లో మూసిపెట్టి, రెండు అరచేతులూ పైకి చాపి ఉన్నాడు.

అద్దంకి నుంచి ఫ్రీజర్ పెట్టె తెచ్చారు. బతికినన్నాళ్లూ ఎండలో ఉన్న మనిషిని అద్దాల పెట్టెలో చల్లగా పడుకోబెట్టారు. దాని మోటారుది రైసు మిల్లంత మోత. కనిగిరి నుంచి వచ్చిన చుట్టాలు, గొయ్యి సిద్ధమైంది, లేపండి అన్నారు. ముఠా కదల్లేదు.

"ఇంకా చేను మిగిలుంది," అంది రెండో మనిషి.

"పోయినామెకి ఎవరమ్మా వినిపించేది?" అన్నాడొక ముసలాయన.

"ఆమెకా, ఇంకొకరికా అని కాదు బాబాయ్. చెయ్యేసిన చేను."

ఇంటింటి నుంచీ బైబిళ్లు వచ్చాయి. చదవడం వచ్చిన వాళ్లందరికీ మిగిలింది రెండో మనిషి సాళ్లుగా పంచింది. నాకో వంతు, సాయిబుకో వంతు, పాస్టరు గారికో వంతు. తనకూ ఒకటి తీసుకుంది. అందరం పెట్టె చుట్టూ నిలబడి ఒకేసారి మొదలుపెట్టాం. మోటారు మోత, ఇన్ని గొంతులు, దగ్గులు. కాపరి కీర్తన ఎవరి వంతులో పడిందో, ఎప్పుడు చదివారో నాకు వినపడలేదు. పెట్టె పక్కనే ఉన్న నాకే వినపడలేదు.

ఒక్కొక్క గొంతూ ఆగుతూ వచ్చింది. నాది ఆగింది, సాయిబుది ఆగింది. చివరికి రెండో మనిషి గొంతు ఒక్కటే మిగిలింది. వయోజన బడిలో నేర్చుకున్న చదువు. వేలితో ఒక్కో అక్షరాన్ని తొక్కుకుంటూ, గుణింతాలు కూడబలుక్కుంటూ వెళుతోంది. శ్మశానం నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. పాస్టరు గారు సాయం చేయబోయి ఒక మాట అందించారు. ఆమె ఆయనవైపు చూడకుండా, ఆ మాటనే మళ్లీ మొదటి అక్షరం నుంచి తనంతట తానే చదువుకుంది. ఎండ మోకాళ్ల మీది నుంచి మెడల మీదికి వచ్చింది. ఎవరూ కూర్చోలేదు.

ఆమె పుస్తకం మూసి చంకన పెట్టుకుంది. "లేపండి," అంది.

ఎవరో వెళ్లి పెట్టె ప్లగ్గు పీకారు.