గుమ్‌రే వేలికి తెరుచుకోని తలుపు

మా తోంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు విప్పే షెడ్లలో తాక్ గుమ్‌రే అంటే తెలియనివాళ్ళు లేరు. డెబ్బై దాటినా ఆమె పొట్టి కత్తి చిప్ప సందున దూరితే చాలు, అది నోరు తెరిచేది. అంతకంటే వేగంగా ఆమె నోరు కదిలేది. యోక్‌జి దీవి నుంచి కోడలిగా ఈ ఊరు వచ్చింది. భర్త మాన్‌బోక్ చేపల ఓడల్లో వంటవాడు. నడుం దెబ్బతిని ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక కూతురిని చదివించిందీ, పెళ్ళి చేసిందీ, మా అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తులో ఇల్లు కొన్నదీ ఆ పొట్టి కత్తే.

ఆ ఇంటికి మొదట్లో అంకెల తాళం ఉండేది. నాలుగంకెలు, నాలుగూ ఒకటే. ఆ సంగతి మా అంతస్తు మొత్తానికీ తెలుసు. వానొస్తే ఎవరో ఒకరం వెళ్ళి ఆవిడ ఆరేసిన బట్టలు తీసేవాళ్ళం. కూరకి వాడే సముద్రపు నాచు అమ్మేవాడైతే తనే తలుపు తీసుకుని, ఫ్రిజ్‌లో నాచు సర్ది, చల్లటి బార్లీ నీళ్ళు తాగి వెళ్ళేవాడు. ఒకరోజు చాంగ్‌వోన్ నుంచి కూతురు హ్యాంగ్‌సుక్ వచ్చేసరికి అతను వంటింట్లో గ్లాసుతో ఎదురయ్యాడు.

"మీరెవరు?" అంది హ్యాంగ్‌సుక్ గుండె పట్టుకుని.

"నేను నాచు అమ్మేవాణ్ణమ్మా. మరి మీరెవరు?" అన్నాడతను.

వారం తిరక్కుండా కొత్త తాళం వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, వేలు పెడితే తెరుచుకునే రకం. తలుపు ఎవరు తీసినా కూతురి ఫోన్‌కి కబురు వెళ్తుంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి ముందుగా మాన్‌బోక్ వేలు తీసుకున్నాడు. పెట్టగానే తాళం తీయటి ఆడగొంతుతో "నమోదైంది" అంది. ఆయన సిగ్గుపడ్డాడు.

తర్వాత గుమ్‌రే వంతు. కుడి చూపుడు వేలు పెట్టింది. "మళ్ళీ ప్రయత్నించండి," అంది తాళం. బొటనవేలు పెట్టింది. అదే మాట. పది వేళ్ళూ అయ్యాయి.

"చెయ్యి ఒకసారి తుడుచుకోండమ్మా," అన్నాడు అబ్బాయి.

"తుడిచీ తుడిచే ఇలా అయింది. కళ్ళు తుడుచుకోమను దాన్ని."

అతను ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఉప్పునీళ్ళూ, చిప్పల అంచులూ కలిసి ఆ వేళ్ళ గీతలను ఎప్పుడో అరగదీశాయి. వేళ్ళ కొసలు గాజు ముక్కల్లా నున్నగా మెరుస్తున్నాయి. "గీతలుంటేనే కదమ్మా అది చదివేది. మీరు నంబరు కొట్టుకోండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

కూతురు నంబరు పెట్టింది, ఎనిమిది అంకెలు. గుమ్‌రే ససేమిరా అంది. "ముసలాయన వేలు ముట్టిస్తే లోపలికి రమ్మంటుంది. నేను మాత్రం గుమ్మంలో నిలబడి పాఠం అప్పజెప్పాలా? ఇల్లు కొన్నదెవరు?"

ఇక అక్కడి నుంచి పోరాటం మొదలైంది. 501లో ఉండే సునిమ్ బియ్యం కడిగిన నీళ్ళలో చేతులు నానబెట్టమంది. నేను బేరిపండు తొక్కతో రుద్దమన్నాను. షెడ్డులో ఎవరో చెప్పారని గుర్రపు కొవ్వు రాసుకుని, మీద ఉన్ని తొడుగులు వేసుకుని పడుకుంది. పొద్దున్నే వెళ్ళి వేలు పెడితే, "వేలు శుభ్రం చేసుకోండి," అంది తాళం.

"నన్ను శుభ్రం చేసుకోమంటావా, పొగరుబోతుదానా? నీ వయసు ఎన్ని రోజులే?" అని గుమ్‌రే దాని మీద విరుచుకుపడింది. మెట్ల మీద ఉన్న పోస్టుమాన్ ఆ మాటలు తననే అనుకుని ఉత్తరాలు కిందే పెట్టి వెళ్ళిపోయాడు.

మాన్‌బోక్‌కి నిద్రంటే ప్రాణం. పైగా మధ్యాహ్నం చెవి మిషన్ తీసి పక్కన పెడితే బెల్లు కాదు కదా, ఓడ కూత కూడా వినపడదు. భార్య బయట నిలబడి తలుపు బాదడం, తర్వాత లోపలికి వచ్చి తనని బాదినంత పని చెయ్యడం రోజూ అయిపోయింది. ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. ఒకరోజు ఆమె పనికి వెళ్ళాక మమ్మల్నందరినీ పిలిచి వరసగా నిలబెట్టాడు.

"తలా ఒక వేలు పెట్టండమ్మా. నేను నిద్రపోయినా ఎవరో ఒకరు దాన్ని లోపలికి పంపుతారు. మీకు పుణ్యం ఉంటుంది."

సునిమ్ పెట్టింది, నేను పెట్టాను, ఎదురింటి దంపతులు పెట్టారు, చివరికి నాచు అమ్మేవాడూ పెట్టాడు. తాళం అందరినీ ఆదరంగా నమోదు చేసుకుంది. ఆ విధంగా మా అంతస్తులో గుమ్‌రే ఇంటి తలుపు తియ్యలేని మనిషి గుమ్‌రే ఒక్కతే మిగిలింది.

శీతాకాలానికి కిమ్చీ, అదే కారం పట్టించిన క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజు వచ్చింది. ఆ పని ఏటా వాళ్ళింట్లోనే. పొద్దున్నుంచీ మేం ఒకరి తర్వాత ఒకరం వేళ్ళు ముట్టించి, ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాం. గుమ్‌రే ఉల్లికాడల కట్ట తేవడానికి తలుపు బయటి వరండాలోకి వెళ్ళింది. వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. లోపల మిక్సీలో వెల్లుల్లి తిరుగుతోంది, టీవీలో పాటలు మోగుతున్నాయి, మేం ఎవరి కోడలినో చెరిగేస్తున్నాం. బెల్లు ఎవరికీ వినపడలేదు. గుమ్‌రే తలుపు తట్టింది, తన్నింది. చివరికి పంతం పక్కనపెట్టి నంబరు కొట్టింది. కారం అంటిన వేళ్ళు జారి ఒకటి బదులు ఇంకొకటి పడింది. అలా కొన్నిసార్లు అయ్యేసరికి తాళం కీచుమని అరిచి బిగుసుకుపోయింది.

"అదేంటి, ఆ అరుపు?" అన్నాను నేను.

"అన్నం కుక్కరే, దించెయ్," అంది సునిమ్.

రోజుకో కబురు వస్తే నాన్నే అనుకుని తెరిచి చూడని హ్యాంగ్‌సుక్ ఫోన్ అక్కడ చాంగ్‌వోన్‌లో ఇవాళ ఆగకుండా మోగుతోంది. మూడో వేలు తలుపు తీసింది. అయిదో వేలు తీసింది. ఆరో వేలు తీసింది. ఆమె లెక్క ప్రకారం ఆ ఇంటికి ఉన్నది ఒకటే వేలు, నాన్నది. ఆఖరున, ఎవరో తాళం పగలగొట్టబోతున్నారన్న హెచ్చరిక. తండ్రికి ఫోన్ చేస్తే చెవి మిషన్ లేదు. తల్లికి చేస్తే ఆ ఫోన్ క్యాబేజీ ఆకుల కింద ఉంది. దొంగల ముఠా అనుకుని కారు తీసింది.

ఆమె లిఫ్టు దిగేసరికి కన్నతల్లి వరండాలో బోర్లించిన తొట్టి మీద కూర్చుని, ముక్కు ఎర్రబడి, ఉల్లికాడలు ఒలుస్తోంది. లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

"అమ్మా! లోపల ఎవరు?"

"మన ఇంటివాళ్ళు," అంది గుమ్‌రే తల ఎత్తకుండా. "నేనే పరాయిదాన్ని."

హ్యాంగ్‌సుక్ ఫోన్ నొక్కి తలుపు తీసింది. లోపల అందరం మోచేతుల దాకా కారంతో, నోటి నిండా ఉడికిన మాంసంతో ఆమె కేసి చూశాం. మధ్యలో నాచు అమ్మేవాడు, బార్లీ నీళ్ళ గ్లాసుతో. మూలన మాన్‌బోక్ గురక పెడుతున్నాడు.

ఆ పిల్ల అరిచింది. అందరి వేళ్ళూ తీసేస్తానంది. ఆల్చిప్పల పని మానెయ్యమని తల్లి మీద పడింది. "నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే గీతలు తిరిగి వస్తాయట. నేను కనుక్కున్నాను."

"తలుపు కోసం పని మానుకోమంటావా? రేపు ఫ్రిజ్‌కి నా మొహం నచ్చకపోతే అదీ మార్చుకోనా?" అంటూ గుమ్‌రే లేత క్యాబేజీ ఆకులో ఆల్చిప్ప మాంసం చుట్టి కూతురి నోట్లో కుక్కింది. నోరు నిండాక హ్యాంగ్‌సుక్ అరవలేకపోయింది. నమిలింది. ఇంకొకటి అడిగింది. ఆ సాయంత్రం మా వేళ్ళు తియ్యకుండానే డబ్బా నిండా కిమ్చీతో వెళ్ళిపోయింది.

వేసవిలో షెడ్లు మూసేశారు. కూతురు వచ్చి పోరు పెట్టి తల్లి వేలు మళ్ళీ నమోదు చేయించిందిగానీ, అది పనిచేస్తుందని గుమ్‌రేకి నమ్మకం లేదు. ఆగస్టులో ఒకరోజు గుమ్‌రే దోసకాయలు కొనుక్కుని వచ్చి, సంచీ చెయ్యి మార్చుకుంటూ ఊరికే వేలు ఆనించింది. తాళం "స్వాగతం" అంది. ఆవిడ సంచీ కింద పెట్టింది. తలుపు మూసి మళ్ళీ ముట్టించింది. మళ్ళీ స్వాగతం. నన్ను కేకేసింది, సునిమ్‌ని కేకేసింది. మా ముందు పదిసార్లు తీసి మూసింది. లోపల నుంచి మాన్‌బోక్ "ఎవరే అన్నిసార్లు వచ్చేది, హ్యాంగ్‌సుక్ వాళ్ళమ్మా?" అని అరిచాడు.

"నేనే! అన్నిసార్లూ నేనే!" అంది ఆవిడ. తర్వాత వేలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "పెళ్ళికూతురి వేలులా ఉంది కదే," అంది మెల్లగా.

అక్టోబరులో షెడ్డు నుంచి పిలుపు వచ్చింది. కూతురు ఫోన్‌లో బతిమాలింది. "వద్దమ్మా. ఇప్పుడిప్పుడే తలుపు గుర్తుపడుతోంది."

"అది గుర్తుపడితే నాకు కూలి ఇస్తుందా? షెడ్డులో అందరూ ఎదురు చూస్తుంటారు. ఇంట్లో కూర్చుంటే మీ నాన్న గురక వినాలి," అని గుమ్‌రే రబ్బరు బూట్లు తొడుక్కుంది.

చలి ముదిరేసరికి తాళం ఆమెను మళ్ళీ మరిచిపోయింది. ఈసారి ఆవిడ తిట్టలేదు, రుద్దుకోలేదు. వేలు పెట్టి చూడటం కూడా మానేసింది. తనకి తలుపు తీసినవాళ్ళకి గిన్నెడు ఆల్చిప్ప మాంసం ఇస్తానని మెట్ల దగ్గర చాటింది, అంతే.

ఇప్పుడు సాయంత్రం లిఫ్టు అయిదో అంతస్తులో ఆగితే చాలు, మా మూడిళ్ళ తలుపులు ఒక్కసారే తెరుచుకుంటాయి. నిన్న సునిమ్‌కీ నాకూ ఆ తాళం ముందే తోపులాట అయింది. అంతలో తలుపు లోపల నుంచి తెరుచుకుంది. చెవి మిషన్ పెట్టుకుని, జుట్టు దువ్వుకుని, గిన్నె పట్టుకుని మాన్‌బోక్ నిలబడి ఉన్నాడు.

"ముందు తీసింది నేనే," అన్నాడు.