పేలని టైరు

మా ఆయన పోయిన మూడో నెలలో, మా బండికి టైర్లు ఎంచడానికి మావగారితో కలిసి విశాఖపట్నం వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు అనుకుంటాను, కాస్త అటూ ఇటూ కావచ్చు. ఆ నెలల్లో జరిగినవి చాలావరకు నాకు గుర్తులేవు. ఎవరెవరు వచ్చారో, ఏమేం వండానో అడిగితే చెప్పలేను. టైర్ల సంగతి మాత్రం మొదటినుంచి చివరిదాకా చెప్పగలను.

బండి అంటే చిన్న లారీ. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన వాటిలో ఒకటి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు, వెనక అంతా సరుకు తొట్టి. చోడవరం చుట్టుపక్కల గానుగల దగ్గర వండిన బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేర్చడం, వచ్చేటప్పుడు ఉప్పు బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు వేసుకురావడం మా ఆయన పని. బండి ఆయన ముచ్చటపడి కొన్నది. మావగారికి చెరుకు, వరి తప్ప మరొకటి తెలియదు. వాకిట్లో బండి ఆగి ఉంటే ఎద్దు మూపు నిమిరినట్టు దాని ముందు రేకు ఒకసారి నిమిరి పొలానికి వెళ్లిపోయేవారు.

వినాయక చవితి వెళ్లిన వారంలో మా ఆయనకు జ్వరం తగిలింది. పది రోజులైనా దిగలేదు. చోడవరం డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, ఇక్కడ లాభం లేదు, పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. పక్క ఊరి డ్రైవర్ని బతిమాలుకుని మా బండిలోనే బయల్దేరాం. తొట్టిలో వరిగడ్డి పరిచి, మీద బొంత వేసి ఆయన్ని పడుకోబెట్టాం. తల దగ్గర నేను, కాళ్ల దగ్గర మావగారు.

అనకాపల్లి దాటిన తర్వాత వెనక కుడి టైరు పేలింది. మార్చడానికి స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. బండిలో పంపు లేదు. డ్రైవరు దారినపోయే సైకిలు ఆపి, వెనక ఎక్కి అనకాపల్లి వెళ్లి పంపు తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా మావగారు తలపాగా విప్పి, రెండు చేతుల్తో చాచి పట్టుకుని, కొడుకు ముఖం మీద ఎండ పడకుండా నిలబడ్డారు. చేతులు దించలేదు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో మూడు రోజులున్నాం. మూడో రోజు సాయంత్రం ఆయన పోయారు.

నేను డాక్టరుగారిని ఒకే ఒక్క మాట అడిగాను, దారిలో ఆగిపోయిన ఆ గంటన్నర వల్లేనా అని. కాదమ్మా, అన్నారాయన. పేగుకు చిల్లు పడింది, ఒక పూట ముందు వచ్చినా ఇంతే, అన్నారు. ఆ మాట అక్కడే మావగారికి చెప్పాను. ఆయన తలూపారు. ఇంటికొచ్చాక మళ్లీ చెప్పాను. మళ్లీ తలూపారు. ఆ మాట ఆయన చెవి దాటి లోపలికి వెళ్లలేదని నాకు తెలుస్తూనే ఉంది.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. పెద్దకర్మ రోజున వరసకు పెద్దత్త ఒకావిడ గోడ అవతల ఎవరితోనో అంటోంది: "ఈ గుంట కంట నీటి సుక్క లేదేటే? రాయేటే ఇది?" విన్నాను. ఊళ్లో ఎవరి గురించో చెప్పుకుంటున్నట్టు విని, బియ్యం కడగడానికి వెళ్లాను. పొద్దున్నే లేచేదాన్ని, కళ్లాపి చల్లేదాన్ని, పశువులకు కుడితి పెట్టేదాన్ని. చేతులు వాటంతటవి పని చేసుకుపోయేవి. మా అత్త ఏడ్చి ఏడ్చి సోలిపోతే నీళ్లు పట్టేదాన్ని.

మార్గశిరంలో చెరుకు కోతకొచ్చింది. ఈ ఏడు బండి నడుస్తుందా లేదా అని రైతులు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చుని, అడగలేక అడిగేవారు. మావగారు అందరికీ ఒకటే జవాబు చెప్పారు. "నడుస్తాది." మాడుగుల నుంచి ఒక డ్రైవర్ని పిలిపించారు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. వచ్చినవాడు వచ్చినట్టే బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఎనకాలవి రెండూ గుండైపోయేయి బాబూ. ఇదిగో, లోపలి గుడ్డ కనబడతంది. ముందువి ఈ ఏడాది లాగుతాయి. స్టెప్నీ కూడా ఒకటి కావాల."

"ఏవి తేవాలి?" అన్నారు మావగారు.

"సైజు టైరు మీదే రాసుంటాది. ఇంగిలీసు అంకెలు. నాకు సదువు రాదు మరి. పాతది అరిగిపోయి అంకెలు కూడా సరిగ్గా లేవు."

నేను అరుగు మీద చేటలో పప్పు ఏరుతున్నాను. "ఆరున్నర, పదహారు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అదే అయ్యుంటుంది.

నేను బోర్డు స్కూల్లో సెకండు ఫారం, అంటే ఇప్పటి ఏడో తరగతి, దాకా చదివాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన సాయంత్రం పూట టైర్లు చూసుకుంటూ నన్ను పిలిచి, వాటి మీది అక్షరాలు చదివించేవారు. ఆరున్నర అంటే టైరు వెడల్పు, పదహారు అంటే లోపలి చక్రం కొలత. లోపల ఎన్ని పొరల గుడ్డ ఉంటే అంత బరువు మోస్తుంది. మన బండికి ఆరు పొరలది చాలు, ఎనిమిది పొరలది వేస్తే గుంటల్లో ఒళ్లు హూనమైపోతుంది, అనేవారు. నాకేమీ ఆసక్తి ఉండేది కాదు. ఆయన చెబుతున్నారు కాబట్టి వినేదాన్ని.

"ఓలమ్మా, అయితే నువ్వు రా" అన్నారు మావగారు.

లోపల్నుంచి అత్త వచ్చింది. "ఏడాదైనా తిరక్కుండా గుమ్మం దాటించి పట్నం తీసుకెల్తావా? నలుగురూ ఏటంటారు?"

"అననీ" అన్నారు మావగారు.

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. టైర్లు అక్కడే బిగించుకు రావాలి కాబట్టి ఆ బండి మీదే వెళ్లాం. డ్రైవరు సైకిలు కంటే కాస్త జోరుగా తోలాడు, అంతే. మావగారు దారి పొడవునా తల బయటికి పెట్టి వెనక చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు. మెడ నొప్పెడుతుంది మావా అంటే వినిపించుకోలేదు.

దుకాణం పెద్దదే. గుమ్మంలోకి వెళ్లేసరికి కొత్త రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. టైర్లు ఒకదాని మీద ఒకటి నిలువెత్తు పేర్చి ఉన్నాయి. యజమాని లావుపాటి మనిషి, కళ్లజోడు. మావగారి వైపు చూసి "చెప్పండి" అన్నాడు. మావగారు నన్ను చూపించారు. అతని చూపు నా బోసి చేతుల మీద పడి, చప్పున పక్కకు తప్పుకుంది. ముక్కాలిపీట వేయించి కూర్చోమన్నాడు.

సైజు చెప్పాను. మూడు రకాలు తీయించి వరసగా నిలబెట్టించాడు. మొదటిది పాత టైరుకు కొత్త రబ్బరు పట్టించినది. రెండోది కొత్తది, ఆరు పొరలు. మూడోది కొత్తదే, ఎనిమిది పొరలు.

మావగారు ఈ మూడింటి వైపూ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, అక్కడ ఆనించి ఉన్న పెద్ద టైరు మీద చెయ్యి వేశారు. అది ఆయన గుండెల దాకా ఉంది.

"ఇది ఇయ్యి బాబూ."

"అది పెద్ద లారీది తాతా. మీ బండికి ఎక్కదు."

"ఎక్కించు."

మా డ్రైవరు నవ్వబోయి, మావగారి ముఖం చూసి మానేశాడు. "సెక్రమే పట్టదు బాబూ దానికి" అన్నాడు మెల్లిగా.

"అయితే పేలనిది సూపించు" అన్నారు మావగారు యజమానితో. "ఎంత ఎండలో తోలినా, ఎంత దూరం తోలినా పేలనిది. అలాటివి అయిదు ఇయ్యి. అన్నీ మార్సేస్తాను."

యజమాని చిన్నగా నవ్వాడు. "పేలని టైరు ఎవరూ చెయ్యలేదు తాతా. ఎంతైనా రబ్బరే కదా. ఒక్క మేకు దిగితే కొత్తదైనా పోతుంది."

మావగారు పక్కనే రెండు టైర్లు పడుకోబెట్టి ఉంటే వాటి మీద కూలబడ్డారు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. డ్రైవరు యజమానిని పక్కకు పిలిచి రెండు ముక్కలు చెప్పాడు. అతను కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. నా దగ్గరికొచ్చి, "మీరు చెప్పండమ్మా" అన్నాడు.

లేచాను. నాకేమీ అనిపించలేదు. ఎదురుగా అంత పెద్దమనిషి అలా కూర్చుంటే ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ లేదు. టైర్ల మీది అంకెలు మాత్రం బాగా స్పష్టంగా కనిపించాయి. ఒక్కొక్కటీ చదివాను. మా ఆయన చేసినట్టే గీతల మధ్య గోరు గుచ్చి చూశాను. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమాను, ఎక్కడైనా ఉబ్బుందేమోనని.

"ఆరు పొరలది సాలమ్మా" అన్నాడు డ్రైవరు. "గట్టిదేస్తే బండి ఎగురుతాది. దిమ్మలు ఇరిగిపోతాయి."

ఆ సంగతి నాకూ తెలుసు. మా ఆయన చెప్పిందీ అదే. మావగారు నా ముఖంలోకే చూస్తున్నారు.

"వెనక రెండూ ఎనిమిది పొరలవి ఇవ్వండి" అన్నాను. "స్టెప్నీకి ఆరు పొరలది. ఒక పంపు కూడా కావాలి."

"గట్టియేనా అమ్మా?" అన్నారు మావగారు.

"గట్టివే మావా."

"పేలవు కదా?"

అబద్ధం చెప్పొచ్చు. నోట్లోకి రాలేదు. "పేలితే స్టెప్నీ ఉంది మావా. పంపుంది. పావుగంటలో మళ్లీ బయల్దేరతాం."

"పావుగంటా?"

"పావుగంట."

డ్రైవరు కూడా "అంతే బాబూ, పావుగంట సాలు" అన్నాడు. మావగారు తలపాగా చుట్టుకుని లేచారు.

టైర్లు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. తిరుగుదారిలో ఆయన చక్రం వైపు చూడలేదు. ఒకచోట మాత్రం బండి ఆపమన్నారు. దిగి, రోడ్డు పక్కకు వెళ్లి, అక్కడి మట్టిని, తుమ్మకంపల్ని చూస్తూ నిలబడ్డారు. అప్పుడు మాకు టైరు పేలింది అక్కడ కాదు. ఆ చోటు ఇంకా రెండు మైళ్లు ముందుకుంది, పక్కనే చిన్న వంతెన. నాకు బాగా తెలుసు. చెప్పలేదు. ఆయన వంగి గుప్పెడు మట్టి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు మళ్లీ అక్కడే పోసేసి, చేతులు దులుపుకుని వచ్చి ఎక్కారు. "పోనీ" అన్నారు. వంతెన వచ్చినప్పుడు ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రో కాదో.

ఆ ఏడు బండి నడిచింది. డ్రైవరన్నట్టే గుంటల్లో ఎగిరేది. దిమ్మల కింద గడ్డి మందంగా పరవాల్సొచ్చింది. మావగారు గానుగ దగ్గరికి వెళ్లినప్పుడల్లా "ఇంగిలీసు అంకెలు సదివి మరీ ఎంచింది మా కోడలు" అని చెప్పుకునేవారట. టైర్లు చూడడానికి అరుగు దాకా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. రెండేళ్లకు బండి డ్రైవరుకే అమ్మేశారు. నన్ను మళ్లీ చదువులో పెట్టారు. ఊరు, అత్త, అందరూ కాదన్నా ఆపలేదు. మూడేళ్లు ఇంట్లోనే చదివి పరీక్ష కట్టి, తర్వాత టీచరు ట్రైనింగుకు విశాఖపట్నం వెళ్లాను.

అక్కడ హాస్టల్లో ఒక ఆదివారం పొద్దున్న నా దువ్వెన కనబడలేదు. పెట్టె అంతా వెతికాను. పక్క దులిపాను. లేదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినా ఆగలేదు. గదిలో ఆడపిల్లలు భయపడిపోయి చుట్టూ చేరారు, ఇంటినుంచి ఏమైనా కబురొచ్చిందా అని. దువ్వెన పోయింది, అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వకుండా, ఏమీ అడక్కుండా, నలుగురూ మోకాళ్ల మీద కూర్చుని మంచాల కిందంతా వెతికారు. కిటికీ అవతల పడి ఉంటే ఒకమ్మాయి తెచ్చి చేతిలో పెట్టింది. తీసుకుని, ఏడుస్తూనే జడ విప్పుకున్నాను.