టీచరమ్మ కళ్ళద్దాల తాడు

పెళ్ళయిన రెండో నెలలో గోదావరిఖని వచ్చాను. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇంజనీరు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉంటున్నాం. తెనాలిలో మా పుట్టింట్లో ఎప్పుడూ నలుగురైదుగురు మాట్లాడుకుంటూనే ఉండేవారు. ఇక్కడ ఆయన డ్యూటీకి వెళ్ళాక మళ్ళీ వచ్చేదాకా నాకు నోరు విప్పే పనే ఉండేది కాదు. పొద్దున కూరగాయల బండి అతనితో రెండు మాటలు, అంతే. నీళ్ళు వచ్చే వేళ పంపు దగ్గర ఎదురింటావిడ ఒకసారి, "మీరు మాట్లాడితే టీవీల సీరియల్ చూసినట్టే ఉంటది మేడం" అంది. ఆమె మంచిగానే అంది. నేనే ఆ తరువాత మాటలు తగ్గించుకున్నాను.

పూసలు గుచ్చడం ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. లక్ష్మీనగర్ బజారులో గాజు పూసలు, నైలాన్ దారం, చిన్న కొక్కేలు కొని తెచ్చాను. మొదటి దండ నీలి పూసలది. దానికే రెండు రోజులు పట్టింది. మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడ్డానో లేదో ముడి జారింది. పూసలన్నీ గచ్చు మీద దొర్లిపోయాయి. మంచం కింద చెయ్యి పెట్టి ఏరుతుంటే వేళ్ళకు నల్లటి దుమ్ము అంటుకుంది. పొద్దున తడిగుడ్డ పెట్టి తుడిచిన గదే అది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపు పూసల కోసం కాదని నాకు తెలుసు.

వీధి తలుపు తీసే ఉంది. పక్క క్వార్టర్ టీచరమ్మ కరివేపాకు కోసం వచ్చి నన్ను చూశారు. మా క్వార్టర్ల లైనులో అందరూ ఆవిడను అలాగే పిలిచేవారు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. గని ఆఫీసులో క్లర్కుగా చేసే కొడుకు దగ్గర ఉంటున్నారు.

"ఏమైంది బిడ్డా, పడ్డవా?"

"లేదండీ. దండ ఊడిపోయింది."

ఆవిడ వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చి, గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుని, నాతో పాటు పూసలు ఏరారు.

"నైలాన్ దారం ఒక్క ముడికి ఆగది. రెండు ముళ్ళేసి, కొసను మల్ల పూసలల్లకెళ్ళి ఎనకకు తియ్యాలె. బడిల పిల్లలతోని చేపిచ్చేదాన్ని" అన్నారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆవిడ పేపరు చదువుకునేవారు, నేను పూసలు గుచ్చేదాన్ని. గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గలగలమంటే, పేపర్లోంచి తల ఎత్తకుండానే, "పళ్ళెం పట్టుకో" అనేవారు. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. అయినా ఆవిడ రాని రోజు నాకు సాయంత్రం అయ్యేది కాదు.

ఆవిడ కోసం ఒక దండ చేయాలనిపించింది. తెల్ల పూసలు, మధ్యలో అక్కడక్కడ ముదురెరుపు. నాలుగుసార్లు విప్పి మళ్ళీ గుచ్చాను. వంకర లేకుండా నా చేతి మీదుగా వచ్చిన మొదటి దండ అదే. ఇచ్చిన రోజు ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మస్తుగున్నది బిడ్డా. కానీ నేనేసుకోను. మా సంఘంల నగలు పెట్టుకోరు."

అప్పుడు చూశాను ఆవిడ మెడకేసి. బోసిగా ఉంది. చెవులకు ఏమీ లేవు, ఎప్పటివో కుట్లు పూడిపోయి చుక్కల్లా కనిపిస్తున్నాయి. చేతులకు గాజులు కూడా లేవు. నెలల తరబడి రోజూ నా ఎదురుగా కూర్చున్న మనిషి. ఆదివారాలు తెల్లచీరలో చర్చికి వెళ్ళడం చూస్తూనే ఉన్నాను. నన్నెవరూ పట్టించుకోవడం లేదని బాధపడుతూ, నేను ఈవిడను ఒక్కసారైనా సరిగా చూడలేదు. సిగ్గేసింది.

"నేను గమనించలేదండీ" అన్నాను.

"నువ్వేమన్న కావాలని చేసినవా ఏంది?" అని కళ్ళద్దాలు తీసి నా ముందు పెట్టారు. "వీటికి ఒక తాడు చెయ్యి. యాడ పెడుతున్ననో యాదికుంటలేదు. ఇది నగ కాదు గద."

ఆ సాయంత్రమే దండ విప్పి, పొడుగ్గా గుచ్చి, రెండు కొసలకూ రబ్బరు ఉచ్చులు బిగించాను. ఆదివారం ఆవిడ కళ్ళద్దాలు దానికి తగిలించుకునే చర్చికి వెళ్ళారు. తిరిగొస్తూ మా గేటు దగ్గర ఆగారు.

"పాస్టరమ్మ అడిగింది, యాడ కొన్నవని. మా బిడ్డ చేసిందని చెప్పిన."

నేను నవ్వాను.

వానాకాలం రాకముందే ఆవిడ కొడుక్కి నదికి అవతలి గనికి బదిలీ అయింది. నస్పూర్‌లో క్వార్టర్ ఇచ్చారు. సామాను లారీకి ఎక్కించాక టీచరమ్మ మా ఇంటికి వచ్చారు. "ప్రార్థన చేస్త. నీకేం ఎతిరేకం లేదు గద?" అని అడిగారు. లేదన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి ఆగిపోయారు.

"నీ పేరేంది బిడ్డా? ఇన్ని దినాలు అడగనే లేదు."

చెప్పాను. ఆ పేరు పెట్టి, నా ఆరోగ్యం కోసం, నా ఇంటి కోసం, ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు ధైర్యం ఉండాలని గట్టిగా ప్రార్థన చేశారు. ఇక్కడ అందరికీ నేను మేడంని. మా ఆయన "ఇదిగో" అంటారు. ఈ ఊళ్ళో నా పేరు పైకి వినడం అదే మొదటిసారి.

మొదట్లో ఆవిడ వారం వారం ఫోన్ చేసేవారు. తరువాత నెలకోసారి అయింది. ఇప్పుడు నేను చేస్తే కోడలు ఎత్తి, "అత్తమ్మ పండుకున్నది అక్కా" అంటుంది. పక్క క్వార్టర్‌కు ఇంకా తాళమే ఉంది. దండలు బాగానే వస్తున్నాయి. ఎదురింటావిడ కూతురికి ఒకటి ఇచ్చాను.

మొన్న మా ఆయన డ్యూటీ నుంచి తొందరగా వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఎవరొచ్చారు? మాటలు వినిపిస్తున్నాయి" అన్నారు.

"ఎవరూ లేరు. పూసలు లెక్కపెడుతున్నాను" అన్నాను.

ఆయన గదంతా ఒకసారి చూసి, టీచరమ్మ కూర్చునే చోట నేను పెట్టిన ఆనాటి పేపరును కూడా చూసి, స్నానానికి వెళ్ళారు.