దమ్ము తక్కువోళ్ల పాట

నిన్న పొద్దున సీతాఫల్‌మండి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. ప్లాట్‌ఫారం చివర పట్టాల మరమ్మతు జరుగుతోంది. ముందు గ్రీజు, కంకర దుమ్ము కలిసిన వాసన వచ్చింది. దాని వెనకే ఒక గొంతు, ఆ గొంతుకు బదులుగా పది గొంతులు: "గట్టిగ పట్టు, ఐసా... దిట్టంగ నెట్టు, ఐసా..." యంత్రాలొచ్చాక ఈ పాట వినపడటమే అరుదు. నా అరచేతులు తెడ్డు పట్టుకున్నట్టు వాటంతటవే ముడుచుకున్నాయి. నాకు ఆ పాట నేర్పినవాడు సామేలు కాకా.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. మేం ఆరుగురం కలిసి ఒక పోటీకి పేర్లిచ్చాం. గోదావరి మీద, అడవుల మధ్య నుంచి, ఐదు రోజులు తెడ్లు వేస్తూ కనూ పడవ నడపాలి. ఒక్కరు మధ్యలో దిగిపోయినా జట్టు మొత్తం పోటీలోంచి పోయినట్టే. నన్నెందుకు తీసుకున్నారంటే ఆరో మనిషి దొరకలేదు గనుక. అడిక్‌మెట్‌లో నా గది రెండో అంతస్తులో ఉండేది, మెట్లెక్కి తాళం తీసేలోపు ఆయాసం వచ్చేది. నావల్ల ఐదుగురి కష్టం గంగలో కలుస్తుందేమోనని నా భయం. వాళ్ల భయమూ అదే, మర్యాదకు పైకి అనేవాళ్లు కాదు.

కాకా మా గ్రౌండు వాచ్‌మన్. అంతకుముందు రైల్వేలో పట్టాల గ్యాంగుకు మేస్త్రిగా చేసి, మెట్టుగూడ క్వార్టర్లలో సగం జీవితం గడిపి, రిటైరయ్యాక కొడుకుతో తార్నాకలో ఉండేవాడు. ఆదివారాలు మేం చెరువుకు వెళ్లి పడవెక్కేవాళ్లం. మిగతా రోజులు గ్రౌండు మెట్ల మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని వెదురు కర్రలతో గాలిని తోసేవాళ్లం. నాలుగు రోజులు చూసి ఊరుకున్న కాకా అయిదో రోజు చాయ్ గ్లాసుతో దగ్గరికొచ్చాడు. ఏంది, ఈగలు తోల్తున్నరా అని అడిగాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు.

"మీల దమ్ము ఎవరికి తక్కువ?"

ఐదుగురి చూపులూ వచ్చి నా మీదే వాలాయి. అయితే తెడ్లన్నీ ఒక్కసారి పడేటట్టు పాట ఈ బిడ్డనే చెప్పాలె అన్నాడు కాకా. మా జట్టులో బలశాలి నరేశ్‌కు అది నచ్చలేదు. తన గొంతు పెద్దదని, తనే చెబుతానని అన్నాడు.

"నీ దమ్మును వీళ్లు అందుకోలేరు. ఈమె దమ్ముకైతే నువ్వు గూడ వస్తవు. పట్టా లేపేటప్పుడు ఒక్కడు ఎన్కవడ్డా అందరి కాళ్ల మీద పడ్తది," అన్నాడు కాకా.

నాకు తల కొట్టేసినట్టయింది. కుంటివాడిని ముందు నడిపించి ఊరేగింపు చేస్తున్నాడనుకున్నాను. ఆ రాత్రి జట్టు మానేద్దామని కూడా అనుకున్నాను. కానీ కాకా వదిలే మనిషా? చర్చి నుంచి తెల్లచొక్కాతోనే చెరువుగట్టు మీదికి వచ్చేసేవాడు. నేను సిగ్గుతో గొంతు తగ్గిస్తే, చివర కూర్చున్నోడు నీకేమన్న పగోడా అని తిట్టేవాడు. పాటలో ఎవరినైనా ఎక్కిరించవచ్చనీ, నవ్వినవాడికి బరువు తెలియదనీ ఆయనే నేర్పాడు.

నదిలో రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు ఇసుకమేటల మీద పడవను మోయాల్సి వచ్చింది. ఆ సందులో రెండు జట్లు మమ్మల్ని దాటిపోయాయి. నేను తట్టుకోలేక పాట నరేశ్‌కు ఇచ్చేశాను. అదే నేను చేసిన తప్పు. గంటసేపు పడవ దూసుకుపోయింది. మధ్యాహ్నం ఎదురుగాలి మొదలైంది. ముందు నా తెడ్డు తప్పింది, తర్వాత నా ముందువాడిది. మా బరువు కూడా తనే లాగి లాగి, సాయంత్రానికి నరేశ్‌కు భుజం పట్టేసింది. తెడ్డు పడవలో పడేశాడు. "నాతోని గాదు. నేను దిగిపోత," అన్నాడు. అరచేతులు చూస్తే బొబ్బలు పగిలి రక్తం.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. వచ్చింది పాటొక్కటే. నా ఊపిరి అందేదాకా ఆగుతూ, మెల్లగా మొదలుపెట్టాను. "నరేశన్న కండలు, ఐసా..." ఎవరూ బదులు పలకలేదు. "మెస్సు ఉప్మా ఉండలు..." ఈసారి ఐసా అన్నది నరేశే. కళ్లనిండా నీళ్లతో, నవ్వు ఆపుకోలేక. తెడ్డు మళ్లీ తీసుకున్నాడు, ఒంటిచేత్తోనే. ఐదో రోజు మేం చేరేసరికి మాకంటే ముందు వచ్చిన పడవలు ఒడ్డున ఆరుతున్నాయి. మమ్మల్ని దాటిపోయిన రెండు జట్లూ మాత్రం మధ్యలోనే ఆగిపోయాయట. మేం ఆరుగురం దిగి, పడవను మేమే మోసుకుంటూ గట్టెక్కాం. ఆ రోజు పడ్డంత గర్వం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

తిరిగి వచ్చాక కాకా ఎన్నో స్థానమని అడగలేదు. పాట ఎవరు చెప్పిండ్రని అడిగాడు. ఒక్క పూట తప్ప నేనే అని ఒప్పుకున్నాను. ఆ పూట ఏం జరిగి ఉంటుందో ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను గ్యాంగుల చేరినప్పుడు అందర్ల నాదే తక్కువ దమ్ము, బిడ్డా. మా పాత మేస్త్రి నాతోనే పాట చెప్పిచ్చిండు. గట్లనే మేస్త్రినైన."

అన్ని నెలలూ నన్ను నవ్వులపాలు చేస్తున్నాడనుకున్నాను. ఆయన తన చోటే నాకిచ్చాడని అప్పుడు తెలిసింది.

కాకా పోయి మూడేళ్లు. ఇప్పుడు నేను అదే క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నాను. విద్యార్థుల జట్టు ఏది కట్టినా కాకా ప్రశ్నే అడుగుతాను. చూపులన్నీ ఎవరి మీద వాలతాయో ఆ పిల్ల పక్కన వెళ్లి కూర్చుంటాను.

నిన్న నా రైలు వచ్చింది. ఎక్కలేదు. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను, పాట చెబుతున్నది ఎవరో చూద్దామని. పదకొండు మందిలో అందరికంటే బక్కవాడు. ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగాడు. పదిమందీ పట్టా మీద చేతులు వేసి, అతని కోసం ఆగారు.