గొరిల్లావారికి కొత్త చొక్కా

ఫోనులో నేను మెల్లగా అన్న ఒక్క మాటకి, మా నర్సత్త మొన్న ఆదివారం పొద్దున్నే పక్కింటివాళ్ళ కారెక్కి, ఈ మలయ్ దేశంలోనే ఉన్న బాగన్ దాతుక్ నుంచి వచ్చేసి బంటింగ్‌లో మా ఇంటి ముందు దిగింది. ఎనభై దాటిన మనిషి. చంకలో ఓ కొత్త చొక్కా. అది ఎవరికోసమో తెలిశాక, మా ఇంటిల్లిపాది కథలూ నాకే తెలుసని తిరిగిన నాకు అసలు కథే తెలియదని తేలింది.

మొదటినుంచి చెబుతాను. మా అమ్మాయి దివ్యకి ఎప్పటినుంచో ఒకటే పిచ్చి. కొండల్లో తిరిగే గొరిల్లాలని అడవిలోనే చూడాలి, జూలో కాదు. వచ్చే ఏడు ఉగాండా వెళ్దాం, ట్రెక్కింగ్, నువ్వూ రావాలి అని పట్టుబట్టింది. ఈ వయసులో నాకెందుకే అంటే, "ఎవ్రీ సాటర్డే హనుమంతుడికి వడమాల వేస్తావ్ కదా అమ్మా. ఆయన రిలేటివ్స్‌ని చూడవా?" అంది. ఆ మాటకి పడిపోయాను.

అప్పట్నుంచి ప్రాక్టీసు. సెలవు రోజు పొద్దున్నే ఇద్దరం బుకిట్ జుగ్రా కొండ ఎక్కడం. నేను పంజాబీ డ్రెస్సు కింద రబ్బరు షూస్ తొడుక్కుని గోవిందనామాలు చదువుకుంటూ ఎక్కేదాన్ని. నామాలు అయిపోయేవి గానీ కొండ అయ్యేది కాదు. దిగాక రోటీ చనాయ్ అనే పరోటాల కొట్లో కూర్చుంటే, కొండ మీద తగ్గిందంతా అక్కడే తిరిగి ఒంటికి చేరేది.

మా ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పకుండా ఎవరూ దేశం దాటరు. ఇప్పుడు మిగిలిన పెద్ద నర్సత్త ఒక్కతే, మా నాన్నగారి చెల్లెలు. ఫోను చేశాను.

"అత్తా, దివ్యా నేనూ గొరిల్లావారిని సూడ్డానికి ఎల్తన్నాం. ఉగాండాలో కొండల మీదకి."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఇంకా ఉన్నారేటి?" అంది అత్త.

"ఉన్నారత్తా. కొద్దిమందే మిగిలినారు."

ఇక్కడో సంగతి చెప్పాలి. మా ఇంట్లో కోతిని 'అది' అనం. మా నానమ్మ అననిచ్చేది కాదు. తోటలోకి కోతులు దిగి అరటిగెల లాక్కుపోతున్నా, "హనుమంతుడి వారొచ్చినారు, తలుపేయండి" అనేది, ఎంతో మర్యాదగా, చేత్తో చీపురు పట్టుకుని. నాకూ అదే అలవాటు. గొరిల్లాలైనా సరే, నా నోటికి 'వాళ్ళే'.

"గవర్నమెంటు ఆళ్ళని ఒగ్గేసిందా?" అంది అత్త.

"ఒగ్గేయడమేటత్తా, ఇప్పుడు గవర్నమెంటే కాపాడతంది. పర్మిట్ లేందే సూడనివ్వరు. తుపాకీ అట్టుకుని గార్డు మనతో వస్తాడు."

"తిండేటైనా అట్టుకెల్లొచ్చా?"

"వద్దు లా. తిండి ఇవ్వకూడదు, అదే మొదటి రూలు," అన్నాను, ఇక్కడి మలయ్‌వాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తూ.

"అప్పుడూ అదే రూలు," అంది అత్త. "ఆళ్ళలో ముసలోళ్ళు ఉంటారా?"

"గుంపుకొక ముసలాయన ఉంటారత్తా, వీపంతా నెరిసిపోయి. ఆయన మాటే మాట. ఆయన ముందు మనం తలొంచుకుని కూకోవాలి."

"ఎల్లమ్మా. తప్పకుండా ఎల్లు," అని పెట్టేసింది.

ఎంత మంచి మనసో అనుకున్నాను. మా అత్త అంత తేలిగ్గా ఒప్పుకోవడం అంతకుముందు నేను చూడలేదు. అప్పుడైనా అనుమానం రావద్దా నాకు?

ఆదివారం వచ్చి, సోఫాలో కూర్చుని, చొక్కా నా ఒళ్ళో పెట్టింది. "పెద్ద సైజు కొన్నాను. అప్పట్లో సన్నంగుండేవోడు. ఇప్పుడెలాగున్నాడో."

"ఎవరత్తా?"

"మా సన్నాసన్న."

సన్యాసి మా పెదనాన్న. తాపా దగ్గర కొండ కింద రబ్బరు తోటలో ఉన్నప్పుడు, కుర్రతనంలోనే జ్వరమొచ్చి పోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. దివ్యకి నేనూ అలాగే చెప్పాను.

"జొరమూ లేదు, ఏటీ లేదు," అంది అత్త. "తిండి ఇవ్వకూడదని రూలున్నా గొరిల్లావోళ్ళకి చాటుగా బియ్యం ఇచ్చినాడు. పటాలపోళ్ళు ఎతుకుతున్నారని తెలిసి ఆళ్ళతోనే కొండెక్కిపోయినాడు. ఎవులడిగినా జొరం అని సెప్పమంది అమ్మ. సెప్పి సెప్పి అందరూ అదే నమ్మేసినారు. తరవాత ఆళ్ళంతా సరిహద్దు దాటి ఎల్లిపోయినారన్నారు లా. ఎక్కడికో ఎవులికి తెలుసు. నువ్వు సెప్పిన ఊరే అయ్యుంటది."

అప్పుడు వెలిగింది నాకు. తెల్లదొరల మీద అడవుల్లోంచి తుపాకులతో పోరాడినవాళ్ళని మలయ్ భాషలో 'గెరిలా' అనేవారు. మా తోటల్లో నోళ్ళు తిరగక అది గొరిల్లా అయింది. చిన్నప్పుడు నేనూ విన్న మాటే.

ఇంకొకటి కూడా వెలిగింది. మహాలయ అమావాస్యకి పోయిన పెద్దల పేర్లు చదివేది నేనే. సన్యాసి పేరు దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ అత్త, "దీపం సూడు, గాలికి పోతంది" అని అడ్డొచ్చేది. నేను దీపం సర్ది, తర్వాతి పేరుకి వెళ్ళిపోయేదాన్ని. అన్న పేరు వింటే దుఃఖం ఆగదేమో అనుకున్నాను ఇన్నేళ్ళూ. కాదు. బతికున్న మనిషిని పోయినవాళ్ళలో కలపనివ్వలేదు.

దివ్య ఫోను తీసి, వీడియో పెట్టి, అత్త చేతికిచ్చింది. "అమ్మమ్మా, గొరిల్లా అంటే మంకీ లా. బిగ్ మంకీ."

అందులో వీపు నెరిసిన ముసలాయన తాపీగా ఆకులు నములుతున్నాడు. అత్త కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"తలొంచుకోవాలన్నది ఈయన ముందేనా?"

"అవునత్తా."

చొక్కా మడత విప్పింది. దాన్ని ఫోనులో బొమ్మ పక్కన పెట్టి ఎగాదిగా చూసింది. "భుజాలు పట్టవు," అంది.

ముందు దివ్య నవ్వింది. తర్వాత అత్త, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. నవ్వాగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది. నేను పక్కన చేరి చెయ్యి పట్టుకున్నాను.

"ఈ అమావాస్యకి పెదనాన్న పేరు చదవనా అత్తా?"

"సదువు," అంది.

అన్నం తింది, టీ తాగింది. కారెక్కబోతూ ఆగింది. "ఇప్పుడే సదవకు. నువ్వెల్లి వొచ్చినాక సూద్దాం. ఎందుకైనా మంచిది, ఆ ముసలాయన్ని ఓ మాట అడుగు. అడవిలో ఉన్నవోళ్ళకి అడవిలోకొచ్చినోళ్ళు తెలీకుండా పోతారేటి?"

అడుగుతానని మాటిచ్చేశాను. పెద్దవాళ్ళని కాదనడం నాకు ఎప్పుడూ రాలేదు.

కారు వెళ్ళిపోయాక దివ్య తల పట్టుకుంది. "అమ్మా, అక్కడ నో టాకింగ్. గార్డుకి నేనేం చెప్పాలి?"

"మా అమ్మకి భక్తి ఎక్కువ, దణ్ణం పెట్టుకుంటోంది అని చెప్పు."

"మరి ఆయన ఆన్సర్ ఇవ్వకపోతే? అమ్మమ్మకి ఏం చెప్తావ్?"

"ఏముంది. ఆయనా నీలాగే, తెలుగు అర్థమవుతుంది గానీ సరిగ్గా మాట్లాడ్డం రాదట అని చెబుతాను."